ఉప్పు కాపడం

సరిహద్దు పోస్టుకి చేరేసరికి పగలు రెండున్నర. అక్టోబరు నెల. ఎత్తు పదహారు వేల అడుగులు. కింది క్యాంపు నుంచి తొమ్మిది గంటల నడక. వీపున రేడియో సెట్టు, రెండు బ్యాటరీలు, భుజాన రైఫిలు. ఎదురుగా రాయి, మంచు, మళ్లీ రాయి. పచ్చనిది గడ్డిపోచ కూడా లేదు. నేను మామిడికుదురులో కొబ్బరితోటల మధ్య పుట్టినవాణ్ని. పుష్యమాసంలో కూడా మనకి దుప్పటి కాళ్ల దగ్గరే ఉంటుంది. చలి సంగతి నాకేం తెలుసు? తెలుసనుకున్నాను. అదే నా ఖర్మ.

తొంభైల చివరి మాట ఇది. పోస్టులో మేం తొమ్మిదిమందిమి. కమాండరు సుబేదారు సాబ్, గఢ్వాల్ కొండల మనిషి. నేను నాయక్‌ని, రేడియో ఆపరేటర్ని. టెలిఫోన్ తీగ చూసే లైన్‌మన్ది సఖినేటిపల్లి. నాకంటే ఆరేళ్లు చిన్న. నన్ను చూడగానే సంచీ అందుకున్నాడు.

"రండన్నయ్యా! మామిడికుదురా, సఖినేటిపల్లా అనేది ఊళ్లోనండి. ఇక్కడ మనిద్దరం ఒకింటోళ్లమండి."

సర్వీసు అయ్యాక ఊళ్లో కరెంటు లైన్‌మన్ పనిలో చేరాలని అతని ఆశ. ఇంకో కోరిక ఉండేది కాదు. "స్తంభం ఎక్కేది కాలి వేళ్లతోనండి అన్నయ్యా, చేతుల్తో కాదు" అని నన్ను వెక్కిరించేవాడు. చిన్నప్పటినుంచీ కొబ్బరిచెట్లు ఎక్కిన కాళ్లవి.

జనవరిలో మూడు రోజులు తెరిపి లేకుండా మంచు కురిసింది. నాలుగో రోజు ఉదయం ఆరుంబావుకి తీగ తెగింది. మైనస్ ఇరవై రెండు. సుబేదారు సాబ్ మా ఇద్దర్నీ పంపారు. నడుములకి ఒకే తాడు కట్టుకుని బయల్దేరాం. తెగినచోటు దొరికేసరికి తొమ్మిది. అతను చేతి తొడుగు తీసి తీగ ముడివేస్తుంటే కుడికాలు మంచు కింద గడ్డకట్టని ఊటగుంటలో దిగబడింది. లాగాను. బూటు నిండా నీళ్లు. బంకర్లోకి వచ్చిపడేసరికి పదకొండున్నర.

బూట్లు విప్పాం. నా పాదాలు తెల్లబడ్డాయి, గిల్లినా తెలీడం లేదు. అతని కుడిపాదం మైనంలా ఉంది. నర్సింగ్ అసిస్టెంటు మంచు మొదలవకముందే కిందికి దిగాడు. రేడియోలో డాక్టరు గారిని పిలిచాను.

"పాదాల్లో స్పర్శ లేదు సార్. ఓవర్."

"గోరువెచ్చని నీళ్లలో పెట్టండి. నిప్పు చూపించొద్దు. రుద్దొద్దు. ఓవర్."

"సరే సార్. ఔట్."

సరే అన్నాను గానీ మంచు కరిగి నీళ్లవ్వాలంటే కిరోసిన్ స్టవ్వు మీద ముప్పావుగంట. సుబేదారు సాబ్ కాపలావాణ్ని చూడ్డానికి బయటికి వెళ్లారు. అక్కడే నా బుద్ధి గడ్డి తింది. మనింట్లో ఏ నొప్పికైనా మొదటి మందు కాపడమే కదా! నడుం పట్టినా, బెణికినా, కళ్లుప్పు వేయించి మూటకట్టడమే. ఆ పెద్ద డాక్టరుకి మా అమ్మ వైద్యం ఏం తెలుసులే అనుకున్నాను. మూకుడు పెట్టి ఉప్పు వేయించాను.

ముందు నా కాళ్లకే పెట్టుకున్నాను. కాసేపటికి చీమలు పాకాయి. తర్వాత మంట. "అబ్బా!" అని మూట విసిరేశాను. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. నా కాళ్లు నాకొచ్చేశాయి. మూట మళ్లీ వేడిచేసి అతని పాదానికి పెట్టాను.

"తెలుస్తోందా?"

"లేదండి అన్నయ్యా."

"ఇంకాస్త వేడి చెయ్యనా?"

"ఆయ్, మీ ఇష్టమండి."

మూడుసార్లు వేడిచేశాను. నా ఒంటికి పట్టింది కొంచెం చలి, అతనికి పట్టింది ఎక్కువ చలి, కాబట్టి ఎక్కువ వేడి కావాలి. అంతే నా తెలివి. కాలితే అతనే చెబుతాడుగా అనుకున్నాను. ఏదో మాడిన వాసన వచ్చింది. గుడ్డ అనుకున్నాను. గుడ్డ కాదు.

సుబేదారు సాబ్ తలుపు తోసుకొచ్చారు. "ఏంటిది? ఎవరు చేశారు?" అని అరిచారు. నేను నోరు తెరిచేలోపే లైన్‌మన్ నా చేతిలో మూట లాక్కుని ఒళ్లో పెట్టుకున్నాడు.

"నేనే సాబ్. నాయక్ గారు వద్దనే అన్నారు."

నేను మాట్లాడలేదు.

వాతావరణం తేరుకుని హెలికాప్టరు వచ్చేసరికి రెండు రోజులు. నెల తర్వాత నేను కిందికి దిగినప్పుడు ఆస్పత్రికి వెళ్లాను. అతని బొటనవేలూ పక్కవేలూ తీసేశారు. డాక్టరు గారు కారిడార్లో విడమరిచి చెప్పారు.

"చలికి నరం కబురు మోయడం నెమ్మదిస్తుంది. బాగా చల్లబడితే ఆపేస్తుంది. నరం బాగుంటే వెచ్చబడగానే మళ్లీ అందుకుంటుంది. నీకు జరిగింది అదే. అతని కాలు వారం నుంచీ తిమ్మిరిగా ఉందట, ఎవరికీ చెప్పలేదు. అప్పటికే ఆ నరాలు దెబ్బతిన్నాయి. దెబ్బతిన్న నరం వెచ్చబడినంత మాత్రాన పలకదు. కింద చర్మం కాలిపోతున్నా పైకి కబురు రాదు. వేడి పెట్టుకుంటుంటే పక్కన చూసినవాళ్లు లేరా?"

 అతని కాగితాల్లో గాయం స్వయంకృతం అని రాశారు. అతన్ని ఇంటికి పంపేశారు.

పోస్టింగు ముగిసి నేను వచ్చింది మే నెలలో. నాలుగోరోజే సఖినేటిపల్లి వెళ్లాను, చెప్పేద్దామని. అతని తల్లి చేపల పులుసుతో అన్నం పెట్టింది.

"నువ్వు పక్కనున్నావు గనక మావోడు పేణాలతో వచ్చేడు బాబూ. నీ రుణం తీర్చుకోలేం."

ముద్ద కంచంలోనే వదిలేశాను. "అమ్మా, అదీ..." అన్నాను. అతను చటుక్కున లేచాడు. "అన్నయ్య నర్సాపురం ఎల్లాలంటమ్మా, పంటు ఎల్లిపోద్ది. పదండన్నయ్యా." బయటికొచ్చాక అన్నాడు: "ఆవిడకి చెప్పకండన్నయ్యా. చెబితే నా వేళ్లొస్తాయా? మీరొక్కరైనా మంచోరని అమ్మని అనుకోనివ్వండి."

ఆయ్ అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. ఆ ఉప్పు వేయించింది నేనేనని ఇన్నాళ్లకి మీతో చెబుతున్నాను. వినాల్సిన మనిషి లేదు.

ఆ రోజు రేవుదాకా ఇసుకలో నడక. పన్నెండున్నర ఎండ. గోదావరి దాటించే పంటు కోసం వచ్చినవాళ్లు చెప్పులున్నా గబగబా అడుగులేస్తున్నారు. అతను నా ముందు నడుస్తూ, బతుకుతెరువుకి అద్దెకి తీసుకున్న పడవ గురించి హుషారుగా చెబుతున్నాడు. బొటనవేలు లేని కాలికి హవాయి చెప్పు నిలవదు, నైలాను తాడుతో కట్టుకున్నాడు. ఆ తాడు తెగింది. చెప్పు ఇసుకలో ఉండిపోయింది. అతనికి తెలీలేదు. నవ్వుతూ, మాట్లాడుతూ, ఆ నిప్పుల్లాంటి ఇసుకలో అలాగే వెళ్తున్నాడు.

చెప్పు తీసుకుని పరిగెత్తాను. "తమ్ముడూ, ఆగు!" అని అరిచాను. పంటు ఇంజను మోతలో వినపడలేదు. నా ముందు ఇసుకలో వరసగా అతని అడుగులు. ఒకటి చెప్పుది, ఒకటి మూడు వేళ్లది.