సన్నాయి మామ సెలవు బాణీ

ఆ రోజుల్లో దుబాయ్‌లో మాకు ఎండకూ ఉక్కపోతకూ లోటు లేదు కానీ, సంగీతానికి మాత్రం క్యాంపు మొత్తానికీ సన్నాయి మామే దిక్కు. జగిత్యాల వైపు మనిషి. పగలు షట్టరింగ్ కార్పెంటర్, సాయంత్రం విద్వాంసుడు. లుంగీలో చుట్టి తెచ్చుకున్న సన్నాయి మీద పెళ్లి పాటలే కాదు, సొంత బాణీలూ కట్టేవాడు. కాంక్రీటు మిక్సర్ తిరిగే లయ మీద ఒకటి, నీళ్ల ట్యాంకర్ రాక మీద ఒకటి (ఇది వినిపిస్తే మేం బకెట్లు వెతుక్కునేవాళ్లం). ఆయన గురించి ఇన్నేళ్లుగా నేనొక కథ చెప్పుకు తిరుగుతున్నాను. అందులో గొప్పంతా నాదే. అది పచ్చి అబద్ధం. అసలు జరిగింది ఇది.

నేనప్పుడు అదే కంపెనీలో టైమ్‌కీపర్‌ని. జేబులో దువ్వెన ఉండేది, బుద్ధి ఎక్కడుండేదో తెలియదు. మామకు ఊళ్లో కొడుకు పుట్టాడు. చూసొస్తానని సెలవడిగితే మా అరబ్బు మేనేజరు, ముదీర్ అనేవాళ్లం, "బాద్ మే, బాద్ మే" అంటూ నెలలు దాటించాడు. దేరాలో మేం కడుతున్న బిల్డింగు ఆఖరి స్లాబు పడ్డ రోజు అందరికీ బిర్యానీ పెట్టించి, మామను సన్నాయి వాయించమన్నాడు. "ఇయ్యాల ఆయనను ఖుష్ చేస్తే నా పొల్లగాన్ని సూస్త," అంటూ మామ పొద్దున్నించీ సన్నాయి పీకను నీళ్లలో నానబెడుతూనే ఉన్నాడు.

అదంతా నాకు తెలుసు. తెలిసీ, మా నెల్లూరు వైపు పెళ్లిళ్లలో కుర్రకారు చేసే పనే చేశాను. సన్నాయి వాళ్ల ఎదురుగా కూర్చుని పుల్లటిది చప్పరిస్తే వాళ్ల నోట్లో నీళ్లూరి ఊదలేక అవస్థ పడతారు. నైఫ్ బజారులో కొన్న నిమ్మకాయ కోసి, ఉప్పు అద్ది, మొదటి వరసలో కూర్చుని చప్పుడయ్యేలా జుర్రాను.

మామ రాగం ఎత్తుకున్నాడు. నన్ను చూశాడు. సన్నాయి గొరగొరమని ఆగిపోయింది. మామ గుటక వేశాడు. పక్కన ఖాళీ పెయింటు డబ్బా మీద దరువేస్తున్న కడప భాయ్ బిత్తరపోయి దబ్ దబ్‌మని రెండు దెబ్బలు కొట్టాడు. మామ మళ్లీ ఎత్తుకున్నాడు. మళ్లీ నోరూరింది, ఆగింది, గుటక, దబ్ దబ్. ముదీర్ మొహం చిట్లించాడు. నా నవ్వు ఎగిరిపోయింది. కంగారులో నిమ్మకాయ మింగేశాను (గింజలతో సహా).

అప్పటికే మామ దారి కనిపెట్టాడు. ఎక్కడ ఆగాలో తనే ముందుగా ఎంచుకుని, స్వరాన్ని అంచుదాకా తీసుకెళ్లి, ఠక్కున వదిలేసి భాయ్ వైపు తల ఊపాడు. ఆ ఖాళీలో దబ్ దబ్. కాసేపటికి ఆ ఖాళీల్లో ముదీర్ వెంట వచ్చిన అరబ్బులు చప్పట్లు కలిపారు. ముదీర్ లేచి "యల్లా! యల్లా!" అంటూ భుజాలూపాడు. పాట కాగానే మామను కావలించుకున్నాడు. మామ ఊపిరి కూడా తీసుకోకుండా సెలవు మాట ఎత్తాడు.

"ఖలాస్! జావ్, బచ్చే కో దేఖో!" అని ముదీర్ అక్కడికక్కడే సెలవిచ్చేశాడు.

మామ నేరుగా నా దగ్గరికొచ్చాడు. "ఏందిరా పిల్లగా, జరంతయితే నా కొడుకు మీసాలొచ్చినంకనే కండ్లవడుతుండె. నిన్ను తన్నాల్నంటే గిప్పుడు టైం లేదు, సామాను కట్టుకోవాలె."

ఆయన విమానమెక్కగానే నేను మొదలుపెట్టాను: "ఆగే చోట్లన్నీ మామకు నేనే చెప్పాను." అందరూ నమ్మి టీలు తాగించారు. కొన్నాళ్లకు నేనూ నమ్మాను. మామ తిరిగొచ్చాక ఆయన ఎదుటే చెప్పినా కాదనలేదు. కొడుకు ముచ్చట్లు చెప్పడానికే ఆయనకు తీరిక చాలేది కాదు. ఇప్పుడు కళ్లు మూసుకుంటే, నలుగురి మధ్య ఛాతీ విరుచుకుని "లయ తెలియాలండీ, లయ!" అంటున్న ఆ కుర్రాడు కనిపిస్తాడు. సరిగమల్లో ఏ స్వరం ఏదో వాడికి అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.