కడిగిన జాడీ

ఈ ఉదయం మా ఇంట్లో పనికి వచ్చే అమ్మాయి బాల్కనీ మూలనున్న వెడల్పు మూతి గాజుజాడీని కడగడానికి పంపు కిందికి తీసుకుపోబోతుంటే, డెబ్బైకి దగ్గరపడిన నేను మోకాళ్ల నొప్పి మరిచిపోయి పరుగున వెళ్లి దాన్ని లాక్కున్నాను. ఆ పిల్ల బిత్తరపోయింది, మా కోడలు నవ్వాపుకుంటూ తలుపు చాటుకి తప్పుకుంది. ఇంతా చేసి జాడీలో ఉన్నది అడుగున పేరుకున్న నెల్లాళ్ల దుమ్ము. దుమ్ము కోసం దెబ్బలాటకు దిగే మనిషిని ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారో నాకు తెలియంది కాదు. అందుకే, నా వయసు వాళ్లకైనా చెప్పుకుంటే కాస్త అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో మాట. మా రేవుపట్నం పాత ఊళ్లో మా నాన్నది కిరాణా కొట్టు, దాని పక్కనే పెదనాన్న నూనె కొట్టు, ఎదురుగా మేనమామ బట్టల కొట్టు. పలకా బలపం కంటే ముందు నాకు తక్కెడ తెలుసు. చెప్పిన ధరకే ఏదైనా కొనుక్కొస్తే ఆ పూట అన్నం సయించని ఇంట్లో పుట్టి, ఏ గ్రహం తిరిగిందో గానీ విశ్వవిద్యాలయంలో పర్యావరణ పరిశోధనలో చేరాను. “గాలి సదువుకుని ఏటి అమ్ముతావమ్మా?” అని నాన్న నెలకోసారైనా అడిగేవాడు.

నా పరిశోధనకు మార్గదర్శి అయిన మేడమ్ అప్పగించిన పని వినడానికి చాలా తేలిక. రేవు చుట్టుపక్కల తొమ్మిది మేడల మీద తొమ్మిది జాడీలు, పోల్చి చూసుకోవడానికి పద్మనాభంలో పొలాల మధ్య ఓ బడి కప్పు మీద పదోది పెట్టాలి. ఒక్కొక్కదానిలో కాసిని నీళ్లు పోసి, కాకులు ముట్టకుండా ఇనుపవల కట్టాలి. నెల తిరిగేసరికి జాడీలన్నీ తెచ్చి, నీళ్లు ఆరగట్టి, మిగిలిన దుమ్మును తూచి పట్టికలో ఎక్కించాలి. అలా పన్నెండు నెలలు, ఒక్కటీ తప్పకుండా. ఆ ఏడాదిలో నేను ఓ చోట కుదురుగా కూర్చున్న గుర్తు లేదు. గాజువాక బస్సు దిగి సింహాచలం బస్సు, అది దిగి ఇంకోటి. ఎక్కడున్నా మనసు మాత్రం ఇంకెక్కడో మేడ మీద జాడీ ఎండిపోయిందేమో, కాకి తన్నేసిందేమో అని పీకుతూనే ఉండేది.

మేడలు దొరకడమే పెద్ద కష్టం. పరిశోధన అంటే చాలు, పన్ను వేయడానికి వచ్చామనుకుని తలుపులు మూసేవారు. అక్కడ నా కొట్టు బుద్ధి అక్కరకొచ్చింది. పరిశోధన ఊసే ఎత్తకుండా, మా జాడీ ఒకటి మీ మేడ మీద ఉంచుకోనివ్వండి అని బేరం పెట్టేదాన్ని.

అన్నిటిలోకీ ముఖ్యమైనది ఖనిజం రాశులు పోసే ఓ యార్డు గోడకి ఆనుకున్న వాడలోని మేడ. రేవులో కళాసీగా పనిచేసే ఆయన ఇల్లు అది. ఆయన భార్యను వాడంతా అత్త అనేది, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆమె పొద్దున ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఇటుకరంగు తేలేది. యార్డు అధికారులేమో అది రోడ్డు దుమ్మే తప్ప మాది కాదనేవారు. ఏడాది పట్టిక నిండుగా ఉంటేనే వాళ్ల ముందు పెట్టగలమనీ, నా పట్టా కూడా దాని మీదే ఆధారపడి ఉందనీ మేడమ్ ముందే చెప్పింది.

“ఏటే పిల్లా, మా మేడ మీద ఊరగాయెట్టుకుంటావేటి?” అని నవ్వి ఒప్పుకున్న అత్తకి నాలుగో నెలకే విసుగొచ్చింది. ఆమె అప్పడాలు ఒత్తి అమ్మేది, ఎండబెట్టడానికి మేడ కావాలి. ఏడాదంటే ఒప్పుకోదని భయపడి నేను పోయినప్పుడల్లా ఇంకొక్క నెలే అత్తా అనేదాన్ని. అరువు అడిగిన మనిషికి రేపు రమ్మని చెప్పే మా కొట్లవాళ్ల గొంతు నాకు పుట్టుకతో వచ్చింది. “ఇంకొక్క నెల, ఇంకొక్క నెలని ఎన్ని నెలలు సెప్తావే?” అని ఆమె తిట్టేది. పన్నెండో నెలలో, అంటే దుమ్ము విపరీతంగా రేగే మే నెలలో, ఈసారి నిజంగా ఆఖరు అని ఒట్టు పెట్టినంత పని చేశాను. పాపం, ఆమె నమ్మేసింది.

నెలాఖరున వెళ్లేసరికి జాడీ మేడ మీద లేదు, వంటింటి గడప పక్కన తళతళా మెరుస్తూ ఉంది. మూతగా పెట్టిన పళ్లెం తీసి చూస్తే లోపల బెల్లం. జాడీని ఎత్తి వెలుతురులో తిప్పి చూశాను.

“అలగ సూత్తావేటే? ఆకరి నెలన్నావు కదా. పరాయోల జాడీ మురికితోటి సేతికిత్తానేటి? సింతపండెట్టి తోమినాను. ఉత్తిది ఇవ్వకూడదని బెల్లం ఏసినాను.”

తప్పు ఆమెది కాదు; అరువు తెచ్చిన గిన్నెను ఏ ఇల్లాలు తిరిగిచ్చినా అలాగే ఇస్తుంది. నా మొహం చూసి సంగతంతా రాబట్టుకుంది. తర్వాత చీపురు పట్టుకుని మేడెక్కి, కాసేపటికి కాగితంలో పొట్లం కట్టిన ఎర్రదుమ్ము తెచ్చి నా చేతిలో పెట్టింది. “దుమ్మే కదేటే నీకు కావాల? ఇంద. కొసరు కూడా ఏసినాను.”

ఆ పొట్లాన్ని పారేయకుండా లాబ్‌కి తీసుకెళ్లడమే కాదు, జాడీలో వేసి తూచాను కూడా. అంకె ఎక్కువగా ఉంటే కొసరు కింద కొంత తగ్గించి, పెన్సిలుతో పట్టికలో రాశాను. చూడటానికి ముచ్చటగా, ముందు నెలల అంకెలకి నప్పేలా ఉంది. దుమ్ము ఆ మేడదే కదా, ఇందులో మోసమేముంది అని నాతో నేనే బేరమాడుకున్నాను. కానీ తర్వాతి పక్షం రోజులూ ఆ బేరం తెగలేదు. బస్సులో కూర్చుంటే దిగిపోదామనిపించేది, దిగితే మళ్లీ ఎక్కుదామనిపించేది. కొట్టుకి వెళితే, నాన్న ప్రతి తూకానికీ ముందు తువ్వాలుతో తక్కెడ పళ్లెం తుడవడం చూడలేక లేచి వచ్చేసేదాన్ని.

యార్డు వాళ్లతో సమావేశానికి ముందురోజు పట్టిక టైపు చేయడానికి ఇవ్వబోతుంటే మేడమ్‌ని ఆపి అంతా చెప్పేశాను. ఆవిడ కేకలేయలేదు. రబ్బరు తీసుకుని ఆ అంకె తుడిచేసి, అక్కడ చిన్న అడ్డగీత గీసింది. మర్నాడు అధికారులలో పెద్దాయన వేలు సరిగ్గా ఆ గీత మీదే ఆగింది. జాడీ కడిగేశారని మేడమ్ ఉన్నదున్నట్టు చెబితే గదంతా నవ్వింది. వరసగా పన్నెండు నెలలూ నిండాక రండి, అప్పుడు చూద్దాం అన్నారు. ఏడాది తిరుగుడు, నా పట్టా, ఆ ఒక్క గీత దగ్గర నిలిచిపోయాయి.

మళ్లీ అత్త గుమ్మంలోకి వెళ్లడానికి నాకు మూడు రోజులు పట్టింది.

“ఈపాలి నిజం సెప్పు. ఎన్ని నెలలు?”

“పన్నెండత్తా.”

“అలగైతే పన్నెండే. అప్పడాలు పక్కింటోల మేడ మీద ఎండెట్టుకుంతాను. ఆ యార్డోలకి మట్టుకు సూపించు, నా సీరలకి నీ జాడీయే గదా సాచ్చికం.”

రెండో ఏడు పట్టిక నిండింది, నా పట్టా చేతికొచ్చింది. మేం అడిగింది రాశులకి కప్పు, దక్కింది రోజూ రెండుపూటలా నీళ్లు చల్లించడం. ఇంత బేరగత్తెనైనా అక్కడికి దిగిరావాల్సి వచ్చింది. చీరలు ఇటుకరంగు మాని గులాబీరంగు తేలేవి. దానికే అత్త సంతోషించింది. ఆఖరి రోజున నేను వెళ్లేసరికి జాడీ మేడ మీదే, అంగుళం కదలకుండా ఉంది. దాన్ని ఆమే రెండు చేతులా దించి, మురికితోనే, నీళ్లు తొణకకుండా నాకు అందించింది. బెల్లం విడిగా పొట్లం కట్టి ఇచ్చింది.

ఇప్పుడు గాలి సంగతి ఫోనే గంటగంటకూ చెబుతుంది. ఏ మేడా ఎక్కనక్కరలేదు, ఎవరినీ అత్తా అని పిలిచి బతిమాలనక్కరలేదు. ఆ అంకెల వరసలో ఓ చోటైనా అడ్డగీత కనబడుతుందేమోనని చూస్తాను, ఎప్పుడూ కనబడదు. అంకె ఎంతున్నా మా అపార్ట్‌మెంటులో ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు, కిటికీలు వేసుకుంటారు. నేను మాత్రం తూచే తక్కెడ కూడా లేకుండానే జాడీ పెట్టుకుని కూర్చున్నాను.

పనమ్మాయి ఇంకా పంపు దగ్గరే నిలబడి, మరెప్పుడు కడగమంటారమ్మా అని అడిగింది. జాడీని మళ్లీ బాల్కనీ మూలకి చేర్చి, ఇంకొక్క నెల ఆగమన్నాను.