రాగిపెట్టె అడుగున సిలువ

నాచారంలో లేతు పని చేసే టర్నర్ సామ్యేలుకు గురి కుదిరినవి లోకంలో రెండే: దేవుడు, మైక్రోమీటరు. తనకు తృప్తి కలిగించిన వస్తువు అడుగున మాత్రమే పంచ్‌తో గింజంత సిలువ కొట్టేవాడు. తృప్తి అరుదు కనుక సిలువలూ అరుదే.

తొంభై నాలుగులో ఉప్పల్ పరిశోధనశాల నుంచి ఉమామహేశ్వర్ అనే సైంటిస్టు రాగిపెట్టె డ్రాయింగు పట్టుకొచ్చాడు. విశ్వం పుట్టిననాటి వెచ్చదనం ఆకాశంలో ఇంకా సన్నగా మిగిలి ఉందట. దాన్ని పసిగట్టే సిలికాన్ బిళ్లను ఆ పెట్టెలో బిగించి, టెలిస్కోపులో ఘోరమైన చలిలో ఉంచాలట.

"విశ్వం సంగతి మీరు జూసుకోన్రి సార్. పెట్టె సంగతి నేను జూస్త."

పెట్టె కుదిరింది. పరీక్షకని ద్రవ నైట్రోజన్‌లో ముంచితే బిళ్ల టప్పున పగిలింది. రెండోదీ, మూడోదీ అంతే. డాక్టరేట్లున్న నలుగురు సమావేశమై బిళ్లదే తప్పని తీర్మానించారు. నాలుగోసారి సామ్యేలు వెళ్లి, స్టూలేసుకుని చూశాడు.

"సల్లదనానికి రాగి మస్తు ముడుసుకుంటది సార్, బిళ్ల గంత ముడుసుకోదు. నాలుగు మూలల గట్టిగ పడితే అది యాడికి పోతది? ఒక్క మూల పట్టున్రి. మిగిలిన మూడు స్ప్రింగు పట్టీల కింద జర కదలనియ్యున్రి."

ఉమామహేశ్వర్ అలాగే బిగించాడు. ఈసారి బిళ్ల పగల్లేదు. పెట్టె అడుగున సిలువ పడింది.

"ప్రాజెక్టుకు నిధులిచ్చే కమిటీ వస్తోంది సామ్యేలూ. వాళ్ల ముందు నీ పేరు నేనే చెబుతాను" అన్నాడు ఉమామహేశ్వర్. సామ్యేలుకు గురి కుదిరినవాటి జాబితా ఆ పూట మూడుకు పెరిగింది.

కమిటీ రోజున భార్య మార్తమ్మ ఈస్టర్ చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది. అడిగితే చూపించవచ్చని పంచ్ జేబులో వేసుకుని, బల్ల వెనక నిలబడ్డాడు.

కమిటీ పెద్దాయన పెట్టెను తిరగేశాడు. "గొప్ప పనితనం. ఎక్కడ చేయించారు? ఈ గుర్తేమిటి?"

ఉమామహేశ్వర్ సామ్యేలు వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. "జర్మనీ సార్. ఆ కంపెనీ గుర్తు."

"అనుకున్నా. మనవాళ్లకి ఇంత ఓపికెక్కడిది?"

మనవాడు ఓపికగా టీ తాగాడు. జాబితా మళ్లీ రెండుకు దిగింది.

"నాచారం అంటే నమ్మరయ్యా, ప్రాజెక్టు పోతుంది. అర్థం చేసుకో" అన్నాడు ఉమామహేశ్వర్, వరండాలో.

"అర్థమైంది సార్."

ఆర్నెల్లకు మరో ఆరు పెట్టెలు కావలసివచ్చాయి. సామ్యేలు చెప్పిన రోజుకే, కొలతలో వెంట్రుకవాసి తేడా లేకుండా చేసిపెట్టాడు. ఉమామహేశ్వర్ ఒక్కొక్కటే తిరగేశాడు. ఆరూ నున్నగా ఉన్నాయి.

"గుర్తేదయ్యా? కమిటీ మళ్లీ వస్తోంది, ముందు అదే చూస్తారు."

సామ్యేలు లేతు మీది రాగిపొట్టు తుడుస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు: "అది కంపెనీ గుర్తు గద సార్. జర్మనీకి జాబు రాయున్రి."