విమానం ముక్కులో కాగితంపూలు నాటుతారట

ఆ సొట్ట పెట్టింది మీరే. కడియపులంకలో ఒక నర్సరీలో రెండు సీట్ల పాత శిక్షణ విమానం ఉంది. దాని ఇంజిన్‌ను కప్పే పైరేకు మీదికి చెప్పుకాళ్ళతో ఎక్కి, చేతులు బార్లా చాచి, ఫోటో దిగింది మీరు. మీరు కాకపోతే మీ బావమరిది. నేను ఎక్కలేదండీ అంటారా, ఎక్కినవాడి ఫోటోకి లైకు కొట్టిందెవరు?

నేను వెళ్ళింది ఆ సొట్ట వల్లే. విమానాన్ని చూసుకునే సత్యం గారు గతంలో ఒక ఫ్లయింగ్ క్లబ్బులో మెకానిక్. ఎగరడం మానేసిన ఆ విమానాన్ని నర్సరీ యజమాని వరప్రసాద్ గారు కొన్నప్పటి నుంచీ ఈయన నెలకోసారి మొగల్తూరు నుంచి వచ్చి ఇంజిన్ తిప్పి వెళ్తారు. రేకు అణిగాక ఆ తిప్పడం ఆగిపోయింది. పోయిన వారం ఫోన్ చేశారు. "సొట్టలు పోగొట్టాను మాష్టారూ. రేకులు బిగించడానికి ఇంకో రెండు చేతులు కావాలి. ఆదివారం పన్నెండింటికల్లా ఇంజిన్ తిరక్కపోతే దాన్ని పీకేసి, ఆ ఖాళీలో కాగితంపూల మొక్కలు పెడతారంట. ఇంజిన్ ఎత్తే మనిషిని కూడా మాట్లాడేశారు."

ఇంజిన్ తీసి పూలు పెడతారట. ఈ దేశంలో బడులకీ ఆసుపత్రులకీ జరిగింది అదే కదా. లోపలిది పీకేసి, ముందు పూలు పెట్టి, రిబ్బన్ కడతాం. విమానానికీ అదే మర్యాద అన్నమాట. శనివారం రాత్రి రైలెక్కాను.

పొద్దున్న ఆరింటికి రాజమండ్రిలో దిగి, కోటిపల్లి బస్టాండు దగ్గర యాభై రూపాయలకి పెసరట్టు ఉప్మా తిని, ఏడింటికి షేర్ ఆటో పట్టుకున్నాను. ధవళేశ్వరం మీదుగా, కాలవగట్టు వెంట ముప్పావు గంట ప్రయాణం, నలభై రూపాయలు. "విమానం కాడికా అండి?" అన్నాడు డ్రైవరు. "ముక్కు మీద కూకుని దిగండి, ఫోటో బాగొస్తాది."

"ఎక్కకూడదయ్యా, రేకు అణిగిపోతుంది."

"మరి ఎక్కనిత్తన్నారు కదండీ. టిక్కెట్టు తీసుకునేది అందుకే కదా."

అతనితో వాదించి లాభం లేదు. అతను చెప్పింది నిజం.

ఎనిమిదింటికి పని మొదలుపెట్టాం. కొబ్బరిమొక్కల వరసల మధ్య, నోరు తెరిచిన ముక్కుతో నిలబడి ఉంది విమానం. పక్కనే కాగితంపూల కుండీలు పన్నెండు, వరస కట్టి సిద్ధంగా ఉన్నాయి. వరప్రసాద్ గారు వచ్చి, "రేకులెందుకండీ, ఉత్తినే తిప్పి చూపించెయ్యండి, పోతుంది" అన్నారు.

"రేకులు సోకుకి కాదండి," అన్నారు సత్యం గారు. "ముందు నుంచి వచ్చే గాలిని సిలిండర్ల మీదికి తోసేవి ఇవే. ఇవి లేకుండా నడిపితే ఇంజిన్ ఉడికిపోద్ది."

కింది రేకు, పక్క రేకులు బిగించేసరికి పదిన్నర. పైరేకు నాకు అప్పగించి ఆయన పెట్రోలు తేవడానికి వెళ్ళారు. నేను ఎడమవైపు మొదలుపెట్టి ఎనిమిది స్క్రూలూ ఒకదాని తర్వాత ఒకటి గట్టిగా బిగించేశాను. కుడివైపుకి వచ్చేసరికి పైరేకు కన్నాలు కింది కన్నాలకి అర వేలి వెడల్పు పక్కకి ఉన్నాయి. రేకు సాగిపోయింది, కన్నాలు పెద్దవి చెయ్యాలి అని తేల్చేసి, డ్రిల్లు మిషన్ తెమ్మని కేకేశాను.

కుండీలు సర్దుతున్న మంగమ్మ గారు నవ్వారు. మొక్కల వేళ్ళ చుట్టూ మట్టిముద్దకి గోనె కట్టి లారీలకెక్కించే పని ఆవిడది. "ఒక పక్కే బిగించేశారు గదండీ, ఇంకో పక్క ఎలాగందుద్ది?" అన్నారు. "మేం గోనె అలా కడితే మట్టంతా రాలిపోద్దండి. ముందు నాలుగేపులా వదులుగా ముడేసుకుని, ఆనక ఎదురెదురుగా లాక్కోవాలి."

సమాజాన్ని విప్పి మళ్ళీ ఎలా బిగించాలో ముప్పై ఏళ్ళుగా రాస్తున్నవాణ్ణి. నేను బిగించిన ఎనిమిది స్క్రూలు విప్పడానికి మనసొప్పలేదు. "ఇది విమానం అమ్మా," అన్నాను.

"అయితే మరీ మంచిది. దీనికి వేళ్ళు లేవు, చచ్చిపోద్దన్న బెంగ లేదు. ఇప్పండి."

విప్పాను. ఆవిడ అరచేత్తో అంచు అదిమి పట్టుకున్నారు. అన్ని స్క్రూలూ వదులుగా పెట్టి, ఎడమ ఒకటి, కుడి ఒకటి చొప్పున బిగించుకుంటూ వచ్చాం. పన్నెండుకి పది నిమిషాలుండగా ఆఖరి స్క్రూ కూచుంది.

సత్యం గారు అంచు చుట్టూ బొటనవేలు నడిపి చూసుకున్నారు. తెచ్చిన తుడుపుగుడ్డలు నాలుగూ బయటే ఉన్నాయని, రేకుల లోపల ఏదీ ఉండిపోలేదని లెక్క చూసి, పుస్తకం తీశారు. ఏ భాగం ఎవరు బిగించారో అందులో సంతకం ఉండాలి, ఆయన పద్ధతి అది. నా తర్వాత మంగమ్మ గారికి పెన్ను ఇచ్చారు.

"ఆవిడ కూలిమనిషండి. టైమైపోతోంది," అన్నారు వరప్రసాద్ గారు.

"పైరేకు సగం ఆవిడ బిగించిందేనండి. సంతకం పడకుండా నేను ముక్కు ముందున్న పంకా ముట్టుకోను."

ఆవిడ చెయ్యి పైటకి తుడుచుకుని, ఒక్కో అక్షరం ఆగి ఆగి రాశారు. అందరం గడియారం చూస్తున్నాం, ఆవిడ తప్ప.

చక్రాలకి అడ్డాలు పెట్టి మమ్మల్ని దూరంగా నిలబెట్టి, సత్యం గారు ఇంజిన్ అందుకునేలా పంకాని చేత్తో లాగారు. రెండుసార్లు దగ్గింది. మూడోసారి, పన్నెండు కాకముందే, అందుకుంది. కొబ్బరిమొక్కలన్నీ ఒక్కసారి వెనక్కి వంగాయి. పైరేకు అదరలేదు. అయిదు నిమిషాలు నడిపి ఆపేశాక వరప్రసాద్ గారు కుండీల వైపు చూసి, "గేటు కాడ పెట్టించండి," అన్నారు. ఇంజిన్ ఎత్తడానికి వచ్చిన మనిషి టీ తాగి వెళ్ళిపోయాడు.

తిరుగు ఆటోలో నాకు గుర్తున్నది ఆ మోత కాదు, ఎనిమిది స్క్రూలు విప్పిన పావుగంట. తప్పు బిగింపుని కాపాడుకోవడానికి కన్నాలు పెద్దవి చేసే బుద్ధి నాలోనూ ఉందని అప్పుడే తెలిసింది. విప్పడం ఓటమి కాదు. వెళ్ళదలచినవాళ్ళు పొద్దున్న తొమ్మిదిలోపు వెళ్ళండి. తర్వాత ఎండకి రేకు చెయ్యి కాలుస్తుంది, జనం కూడా ఎక్కువ.

ఇక యజమానిగారికీ మీకూ కలిపి నా డిమాండ్లు:

విమానం చుట్టూ తాడు కట్టాలి.
టిక్కెట్టు మీద "ఎక్కరాదు" అని తెలుగులో ఉండాలి.
ముక్కు మీద దిగిన ఫోటోలు మీరు తీసెయ్యాలి.
నెలకోసారి ఇంజిన్ తిప్పాలి, రేకులన్నీ బిగించాకే.
యజమాని పేరున్న బోర్డు మీద సత్యం గారి పేరు రాయాలి.
దాని పక్కనే మంగమ్మ గారి పేరు, అదే సైజు అక్షరాల్లో.