బట్టల తీగ మీద నవల

ఇంటి ఓనరు ఆంటీ ఇక లేరని వాళ్లమ్మాయి బేస్‌మెంట్ మెట్ల మీదే నిలబడి చెప్పింది. నేను వేర్‌హౌస్ షిఫ్టుకు బూట్లు వేసుకుంటున్నాను. వేసుకున్నవి విప్పి అక్కడే కూర్చుండిపోయాను.

ఆ ఏళ్లలో కెనడాలోని ఈ బ్రాంప్టన్‌లో ఏ బేస్‌మెంట్ చూసినా చదువుకోడానికి వచ్చిన పిల్లలే. మా ఇంట్లోనూ అంతే. వాళ్లలో నేనొక్కణ్ణే పెద్దవాణ్ణి, కాలేజీ గడప తొక్కనివాణ్ణి. రోజువారీ పద్దు రాసుకోవడం తప్ప వేరే రాత తెలియదు. అయినా ఆ పిల్లల గురించి ఒక నవల రాయాలని ఎందుకో పట్టుకుంది. ఆంటీ ఒకప్పుడు కాకినాడలో టీచరు; వారపత్రికలకు సీరియల్స్ రాసేవారు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక బట్టలు ఆరేయడానికి కిందికి దిగేవారు. ఒక ఆదివారం ధైర్యం చేసి నా పేజీలు చేతికిచ్చాను.

"పద్దు బాగా రాశావయ్యా," అన్నారు చదివి. "ఏం జరిగిందో అంతా ఉంది. ఈ కుర్రాడికి ఏం కావాలో మాత్రం ఎక్కడా లేదు."

మరుసటి వారం ఒక్కో సన్నివేశాన్ని ఒక్కో చీటీ మీద రెండు ముక్కల్లో రాయించి, లాండ్రీ గదిలో బట్టల తీగకు క్లిప్పులతో వరసగా పెట్టించారు. ఆవిడ సీరియల్స్ అన్నీ అలాగే పుట్టాయట. "నవల మొత్తం ఒక్క చూపులో కనపడాలి. ఎక్కడ సాగదీశావో అప్పుడు తెలుస్తుంది."

పిల్లలకు అదొక తమాషా. "అన్నా, నీ హీరోని ఇక్కడ ఆరేస్తే నా ప్యాంటు ఎక్కడ ఆరేయాలి?" అంటూ ఒకడు చీటీలు తీసేసి తన యూనిఫాం ఆరేసుకున్నాడు. ఆరాక మళ్లీ పెట్టాడు గానీ వరస తప్పింది. నా కథలో కుర్రాడు ఉద్యోగం దొరికిందని తల్లికి ఫోన్ చేస్తాడు, తర్వాత అది పోతుంది. ఇప్పుడు ఉద్యోగం పోవడం ముందుకొచ్చింది, ఫోన్ వెనక్కి వెళ్లింది. సర్దబోతే ఆంటీ ఆపారు.

"ముట్టుకోకు. ఇప్పుడు వీడు వాళ్లమ్మకి అబద్ధం చెబుతున్నాడు. నీ నవల ఇక్కడ మొదలైంది."

షిఫ్టు నుంచి వచ్చాక రాయడానికి ఓపిక ఉండట్లేదని ఒకసారి అన్నాను. "అలిసిన రోజు పెద్ద సీన్ జోలికి పోకు. వాడు బూట్లు విప్పడం రాసి పడుకో. రేపు అక్కణ్ణుంచి వాడే లేస్తాడు," అన్నారు. ఆ మాట చెప్పి, మోకాలు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కారు.

ఆఖరి క్లిప్పు ఖాళీగానే ఉండిపోయింది. ఆంటీ ఆసుపత్రిలో చేరాక చూడటానికి వెళ్తే ఆవిడ ముందుగా అడిగింది దాని గురించే.

"నిజం చెప్పాడా వాళ్లమ్మకి?"

"ఇంకా లేదాంటీ."

"చెప్పించవయ్యా. ఎలా చెప్పాడో నాకు నోటితో చెప్పకు. రాసి పట్రా."

సరేనన్నాను. ఆ వారమంతా ఓవర్‌టైం. రోజూ బూట్లు విప్పడమే రాశాను.

ఆవిడను సమాధి చేసి వచ్చాక లాండ్రీ గదిలో కూర్చున్నాను. డ్రైయర్‌లో పాడైపోతుందని ఆవిడ తీగ మీద ఆరేసుకున్న చర్చి చీర, చీటీల పక్కన అలాగే ఉంది. తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు. కొత్త చీటీ మీద కుర్రాడి చేత ఫోన్ చేయించాను. "చెప్పు నాన్నా," అంది తల్లి. "అమ్మా, ఉద్యోగం పోయిందే. ఎప్పుడో పోయింది," అన్నాడు వాడు. తల్లి ఏమందో నాకింకా తెలియదు.

ఆ చీటీని ఆఖరి క్లిప్పుకు పెట్టాను. ఇల్లు వేడిచేసే ఫర్నేస్ ఆన్ అయింది. ఆ వెచ్చటి గాలికి చీర అంచు కదిలి, చీటీకి తగులుతూ ఉంది.