ఆపాక కొలిచిన వేడి

బల్గేరియా రాజధాని సోఫియాలో, మా ప్లాస్మా ల్యాబులో రుమ్యానకు ఒకటే కోరిక: ఖాళీగా ఉన్న డొసెంట్ ఉద్యోగం, అంటే అసోసియేట్ ప్రొఫెసర్ పదవి. వస్తే ల్యాబు ఆమెది, రాకపోతే కాంట్రాక్టు ముగిసి ఇంటికి. అందుకు తగ్గ పని ఆమె చేతిలో ఉంది కూడా.

పింగాణీ పలకమీద లోహపు పట్టీలు అతికించి, దాన్ని గాజు గదిలో పెట్టి, గాలి దాదాపు అంతా లాగేసి, రేడియో తరంగాల కరెంటు ఇస్తే పలకమీద ఊదారంగు ప్లాస్మా వెలుగు పరుచుకుంటుంది. కరెంటంతా ఆ వెలుగుకే పోతోందనుకునేవాళ్ళం. కాదు, చాలావరకు పలకే తాగేసి వేడెక్కుతోందని రుమ్యాన పట్టుకుంది. కరెంటు నడుస్తుండగా కొలవబోతే, వేడి కొలిచే తీగలోకి ఆ తరంగాలు దూరి అబద్ధం చెప్పిస్తాయి. అందుకని కరెంటు ఆపి, పలక చల్లారే తీరు చూసి వెనక్కి లెక్కగట్టింది. ఈ కిటుకు అచ్చు కాకముందే మా ల్యాబులోనే పనిచేసే మెతోది ఒక్కడికే చెప్పింది. తమ్ముడిలాంటివాడు, ఆమె తల్లి పోతే శవపేటిక మోసినవాడు.

మా దగ్గర శుభవార్త ఉన్నవాళ్ళే మిఠాయి పంచాలి. తీసుకున్నవాళ్ళు ముందు దీవించి, ఆ తర్వాతే సంగతి అడుగుతారు. ఓ పొద్దున మెతోది చాక్లెట్ల డబ్బాతో వరండాలోకి వచ్చాడు. అందరికంటే ముందు రుమ్యానే తీసుకుంది.

"చల్లగా ఉండరా! ఇంతకీ ఏంటి, పెళ్ళా?"

"పెళ్ళెక్కడిదక్కా! డొసెంట్ నాకిచ్చారు. పలక వేడి మీద వ్యాసం అచ్చయిందిగా, దానికి."

"ఏ పలక?"

"అదే అక్కా... చివర్లో నీకు థాంక్స్ చెప్పాన్లే. పరికరాల సాయానికని."

తానూ పోటీలో ఉన్నానని అంతకుముందు మాటమాత్రం అనలేదు వాడు. ఆమె నోట్లోని చాక్లెట్ మింగలేక, ఉమ్మలేక నిలబడిపోయింది.

మా విభాగం పెద్ద ద్రగానోవ్ దగ్గరికెళ్తే ఆయన విసుక్కున్నాడు. "అందరిముందూ వాడి చాక్లెట్ తిని, దీవించి, ఇప్పుడు దొంగంటావేంటమ్మా? ఎవరు నమ్ముతారు?"

తిన్నింటి వాసాలు లెక్కపెట్టింది వాడు, నింద ఈమెకి! నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆమె బల్ల సర్దుకుంటుండగా మెతోది గుమ్మంలోకి వచ్చాడు. "అక్కా, కొత్త పలకకి లెక్క కుదరట్లేదు. ఎక్కడ తప్పుతున్నా?"

"చెప్పకే, చావనీ," అన్నాను నేను.

"కరెంటు ఆపినా పంపు ఆపకురా," అంది రుమ్యాన. "గాలి చొరబడితే పలక తొందరగా చల్లారిపోతుంది. లెక్కంతా తప్పు."

వాడు వెళ్ళాక భోరుమంది. "తప్పు లెక్క బయటికెళ్తే పాడయ్యేది నా పనే కదే," అంది. "వాడిదేముంది అందులో, పేరేగా!"