చచ్చిందన్న ఇనుప బ్యాటరీ

1948 చివర, పోలీసు చర్య ముగిసి కొద్ది వారాలే అయింది. మహబూబ్‌నగర్‌కు ఎనిమిది మైళ్ళ దూరంలోని పల్లీనూనె మిల్లులో నేను బ్యాటరీలు చూసేవాణ్ని. గడబిడల్లో ఆరు నెలలు మూతపడిన మిల్లు అప్పుడే తెరిచారు. బస్తాలు మోసే కరెంటు ట్రాలీకి రెండు జతల బ్యాటరీలుండేవి. ఒకటి లెడ్ యాసిడ్, అంటే యాసిడ్‌లో సీసం పలకలు. రెండోది నికెల్ ఐరన్, ఇనుప డబ్బాలో క్షారపు నీళ్ళు. ఆరు నెలలూ రెండింటినీ పట్టించుకున్నవాడు లేడు.

మూడు రోజులు డైనమోకు తగిలించి ఛార్జ్ చేశాను. సీసం పలకల మీద తెల్లటి పొర గట్టిపడి, అవి ఇక కోలుకోలేదు. ఇనుపవాటిలో మాత్రం బుడగలు పొంగాయి. మిల్లు ఇంజనీరు వచ్చి హైడ్రోమీటర్ అడిగాడు. ద్రవం చిక్కదనం చూపే గాజుగొట్టం అది. యాసిడ్ చుక్క తగిలితే ఇనుపది పాడవుతుందని నేనే కడిగిచ్చాను. సీసం బ్యాటరీకి ఛార్జ్ ఎక్కితే గొట్టంలో అంకె పెరుగుతుంది. ఇనుపదానికి ఎంత ఎక్కినా పెరగదు. ఆ సంగతి చెప్పబోయాను. ఇనుపదాంట్లో ముంచి, అంకె పెరగలేదని చూసి, కూలీలందరి ముందు ఆయన అన్నాడు:

"పీనుగకు పాలు తాపుతున్నవా నర్సయ్యా? రెండూ సచ్చినయ్, పారేయ్."

ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తే. ఇనుపవాటిని పారేయలేదు, ట్రాలీకి బిగించాను.

మర్నాడు పొద్దున బస్తాలు కుట్టే ఎల్లమ్మకు కాన్పు కష్టమైంది. మంత్రసాని తన వల్ల కాదంది. లారీకి పెట్రోలు లేదు. ఎడ్లబండ్లన్నీ సైన్యం సామాను మోస్తున్నాయి. ఆమె భర్త బాలయ్య ట్రాలీ దగ్గరికొచ్చాడు.

"నర్సన్నా, గిది దవాఖాన దాంక పోతదా?"

"నాకెరుక లేదు బాలయ్యా. నడిమిట్ల ఆగితే నేనే నూకుత. ఎక్కియ్యి."

గోనెసంచులు పరిచి ఆమెను పడుకోబెట్టాం. చప్పుడు లేకుండా బండి కదిలింది. గుట్ట ఎక్కేచోట దిగి తోయడానికి సిద్ధపడ్డాను. ఆరు నెలలు తిండి లేకుండా పడి ఉన్న ఆ డబ్బాలు, ముగ్గురు మనుషులను మోస్తూ, ఎక్కడా తడబడలేదు. చేలల్లో కోతవాళ్ళు కొడవళ్ళు ఆపి చూశారు. ఇరవై ఏళ్ళ పనిలో నేనంత నివ్వెరపోయింది లేదు.

ఇంకో గంట ఆలస్యమైతే తల్లి దక్కేది కాదని మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. ఆడపిల్ల పుట్టింది. నేను నేర్చుకున్నది ఇంతే: ఏ బ్యాటరీనైనా చచ్చిందనే ముందు, దానికి మోయడానికి ఒక బరువు ఇచ్చి చూడాలి.